మల్గీల అద్దె - మన పెద్దల లెక్క



ఏటా మన సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివేటప్పుడు ఒక పద్దు దగ్గర అందరూ ఆగుతారు. అది మల్గీల అద్దె. "ఇన్ని గదులుండి వచ్చేది ఇంతేనా?" అని వెనక వరసలోంచి ఎవరో ఒకరు అడుగుతారు. కార్యవర్గం వారు ఏదో ఒక సమాధానం చెబుతారు. ఇంతలో ఛాయ్ వస్తుంది. ఆ మాట మళ్లీ సంవత్సరానికి వాయిదా పడుతుంది.

ఈసారి మాత్రం వాయిదా వేయడానికి వీల్లేని ప్రతిపాదన ఒకటి వచ్చింది. కిరాయిదారుల దగ్గర ఒకేసారి పెద్ద మొత్తం పుచ్చుకుని, గదులను ముప్ఫై ఏళ్లకు నామమాత్రపు అద్దెకు రాసి యిచ్చేద్దామని కొందరు మిత్రులు అంటున్నారు. వారి ఉద్దేశం మంచిదే. పైకప్పు కారుతున్నది, చేతిలో డబ్బు లేదు. కాని ఈ ఆలోచన కొత్తది కాదు. నాలుగు వందల ఏళ్ల క్రితమే పెద్ద పెద్ద నగరాలలో మన పెద్దలు దీన్ని చేసి చూశారు. ఏమైందో చరిత్రలో వున్నది. అది సభ్యులందరికీ తెలిసిన తర్వాతే చేతులెత్తడం మంచిదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

అద్దె గదులతో ధర్మం

అసలును అమ్మకుండా, దానం చేయకుండా, వారసులకు పంచకుండా నిలిపి వుంచి, దాని మీద వచ్చే ఫలాన్ని మాత్రమే ధర్మానికి వాడడం వక్ఫు. హజ్రత్ ఉమర్ ఖైబరులో తనకు వచ్చిన భూమిని ఈ విధంగానే కట్టుబాటు చేశారన్నది అందరికీ తెలిసిన సంగతే. మొదట్లో పొలాలు, తోటలు, బావులు వక్ఫు అయ్యేవి. పట్నాలు పెరిగేకొద్దీ దుకాణాలు, అద్దె ఇళ్లు ముఖ్యమయ్యాయి. పొలానికి వాన కావాలి. మల్గీకి బజారులో జనం వుంటే చాలు.

కైరో నగరంలో అల్ అజ్‌హర్ మసీదు దగ్గర సుల్తాన్ అల్ ఘూరీ 1504-05లో కట్టించిన వికాలా నేటికీ నిలిచి వున్నది. మధ్యలో పెద్ద ఆవరణ, చుట్టూ కింద సరుకుల కొట్లు, వర్తకుల గదులు. పై అంతస్తులలో కుటుంబాలకు అద్దెకిచ్చే వాటాలు. ఆ వాటాలలోకి పోవడానికి దారి, మెట్లు వేరు. కింద వర్తకుల సందడి పైన సంసారాలకు తగలకుండా చేసిన ఏర్పాటు అది. పైనున్న అటువంటి అద్దె వాటాల సముదాయాన్ని అక్కడివారు 'రబ్' అనేవారు. ఒకే స్థలం మీద రెండు రకాల అద్దె అన్నమాట. వ్యాపారం మందగించిన ఏడాది కూడా కాపురాల అద్దె వస్తూ వుండేది.

ఇస్తాంబులు సంగతీ ఇంతే. సుల్తాన్ మహమ్మద్ ఫాతిహ్ ఆ నగరాన్ని 1453లో గెలిచాక కొద్ది కాలానికే బెదెస్తెన్ అనే అంగడిని కట్టించి, దాని అద్దెను అయాసోఫియా మసీదు ఖర్చులకు కేటాయించాడు. నేడు లోకమంతా చూసిపోయే గ్రాండ్ బజారు ఆ అంగడి చుట్టూ పెరిగినదే.

మన హైదరాబాదులో చూడండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచెత్తిన తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. పత్థర్‌గట్టీలో రాతి కమానుల కింద దుకాణాలు, పైన నివాసాలు వచ్చింది ఆ బోర్డు హయాంలోనే. ఆ దగ్గరలోనే వున్న మదీనా బిల్డింగును అలాద్దీన్ కుటుంబం వారు వక్ఫుగా కట్టారు. దాని అద్దెలు మదీనా నగరంలోని పేదలకు చేరేవి. అంటే ఇక్కడ బట్టల దుకాణం వాడు కట్టిన కిరాయితో సముద్రానికి అవతల ఒక ఇంట పొయ్యి వెలిగేది. ఇంతకన్నా గొప్ప ఏర్పాటు ఏముంటుంది?

పెద్దలు పెట్టిన మూడు నియమాలు

ఇటువంటి ఆస్తి నిలవాలంటే కట్టుబాట్లు కావాలి. 9వ శతాబ్దంలో బగ్దాదులో వుండిన అల్ ఖస్సాఫ్ అనే పండితుడు వక్ఫు నియమాల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. ఖస్సాఫ్ అంటే చెప్పులు కుట్టేవాడు అని అర్థం. ఆ తర్వాతి హనఫీ పండితులు ఈ విషయాన్ని ఇంకా విడమరిచారు. వారు చెప్పిన వాటిలో అద్దె గదులకు సంబంధించి మూడు మాటలు మనకు ముఖ్యం.

ఒకటి, మరమ్మత్తు ముందు. వచ్చిన రాబడిలో మొదటి హక్కు కట్టడానిదే. జీతాలు, సాయాలు ఆ తర్వాతే. దాత తన పత్రంలో ఈ షరతు రాయకపోయినా సరే, ముందు మరమ్మత్తే చేయాలని 'హిదాయా' గ్రంథం చెబుతుంది. పండ్లు తినేవాడు ముందు చెట్టుకు నీళ్లు పోయాలి కదా!

రెండు, సరి అద్దె. అటువంటి గదికి ఆ బజారులో ఎంత నడుస్తున్నదో అంత. దీన్ని 'ఉజ్రతె మిస్ల్' అంటారు. స్వల్పమైన తేడా వుంటే ఫరవాలేదు. బాగా తక్కువకు యిస్తే ఆ ఒప్పందం నిలవదు. తన సొంత ఇంటిని ఎవరైనా ఎంత తక్కువకైనా యిచ్చుకోవచ్చు. ముతవల్లీ మాత్రం అట్లా యివ్వడానికి లేదు, ఎందుకంటే ఆ ఆస్తి అతనిది కాదు.

మూడు, చిన్న గడువు. ఇళ్లు, దుకాణాలు ఏడాదికి, పొలాలు మూడేళ్లకు మించి కౌలుకు యివ్వరాదని తర్వాతి హనఫీ పండితులు నిర్ణయించారు. వారు చెప్పిన కారణం కూడా చాలా లోకజ్ఞానం కలది. ఒకే మనిషి ఏళ్ల తరబడి ఆ గదిలో కూర్చుంటే చూసేవాళ్లు అతనే యజమాని అనుకుంటారు. కొన్నాళ్లకు అతనూ అట్లాగే అనుకుంటాడు!

రెండు అద్దెల కథ

ఇంత చక్కని నియమాలు పెట్టుకుని కూడా మనవాళ్లు ఎక్కడ జారారు? అగ్నిప్రమాదాల దగ్గర.

ఇస్తాంబులులో ఇళ్లు ఎక్కువగా కర్రతో కట్టినవి. మాటిమాటికీ నిప్పు అంటుకునేది. 1660లో జరిగిన దహనంలో నగరం పెద్ద భాగమే కాలిపోయింది. వక్ఫు దుకాణాలు బూడిదయ్యాయి. తిరిగి కట్టడానికి ముతవల్లీల దగ్గర డబ్బు లేదు. మరమ్మత్తు నిధి అంటూ ముందునుంచి దాచి వుంచితే గదా!

అప్పటికే వాడుకలోకి వచ్చిన ఒక పద్ధతి ఇటువంటి దెబ్బల తర్వాత బాగా వ్యాపించింది. దాని పేరు 'ఇజారతైన్', అనగా రెండు అద్దెలు. కిరాయిదారు మొదట ఒక పెద్ద మొత్తం యిస్తాడు. అది దాదాపు ఆ కట్టడం విలువంత వుంటుంది. దానితో కట్టడం తిరిగి లేస్తుంది. ఆ తర్వాత అతను ఏటా చాలా చిన్న అద్దె కడతాడు. దానికి బదులు ఆ గది మీద అతనికి శాశ్వతమైన హక్కు వస్తుంది. ఆ హక్కు పిల్లలకు పోతుంది, ఇతరులకు బదిలీ చేయవచ్చు.

మొదటి పదేళ్లు అందరూ సంతోషించే వుంటారు. కాలిన చోట కొత్త దుకాణం లేచింది, మసీదులో దీపం వెలిగింది. కాని అద్దె కదలలేదు, ధరలు కదిలాయి. తరాలు గడిచేసరికి ఆ వార్షికపు అద్దె వసూలు ఖర్చుకు కూడా సరిపోని స్థితికి దిగజారింది. అసలు లాభం గదిలో వున్నవాడిది, పేరు మాత్రం వక్ఫుది. చివరికి టర్కీ ప్రభుత్వం 1935లో చేసిన వక్ఫుల చట్టం ప్రకారం, ఏడాది అద్దెకు ఇరవై రెట్లు కట్టిన కిరాయిదారుకు ఆ ఆస్తి సొంతమైపోయింది. అప్పటికి ఆ అద్దె ఎంత చిన్నదో తలచుకుంటే, ఆ ఇరవై రెట్లు ఎంత అయి వుంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇందులో కిరాయిదారు మోసం చేసింది లేదు, ముతవల్లీ దొంగిలించింది లేదు. చేసిన తప్పు ఒక్కటే. ఒకనాటి అవసరానికి రేపటి అద్దెలన్నింటినీ ముందే అమ్ముకున్నారు.

మన దగ్గర జరిగింది

మన దేశంలో ఇదే జబ్బు ఇంకో రూపంలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్నాలలో ఇళ్లకు కరువు ఏర్పడి అద్దెలు మండిపోయాయి. పేదవాడిని కాపాడడానికి ప్రభుత్వాలు అద్దె నియంత్రణ తెచ్చాయి. అప్పటికి అది అవసరమే. తర్వాత ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాదు చట్టం నడిచాయి. ఆ రెంటి బదులు 1960లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఆ చట్టంలో న్యాయమైన అద్దె తేల్చడానికి ఒక ఆధారం పెట్టారు. 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ ప్రాంతంలో నడిచిన అద్దె ఎంత అన్నది చూడాలి. దానిమీద కొంత శాతం పెంచుకోవచ్చు. అనగా దేశానికి స్వాతంత్ర్యం రాకముందు నాటి బజారు ధరే దశాబ్దాల తరబడి కొలబద్ద అయింది.

న్యాయస్థానాలు, శాసనసభ కాలక్రమంలో దీన్ని కొంత సవరిస్తూ వచ్చాయి. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలన్నింటికీ యిచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 1983లో కొట్టివేసింది. 2005 సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు మించిన అద్దెలను చట్టం పరిధి నుంచి తప్పించారు. ధార్మిక సంస్థల భవనాలకు మినహాయింపు యిచ్చే అధికారం కూడా 1960 చట్టం ప్రభుత్వానికి యిచ్చింది. రాష్ట్రం రెండుగా అయిన తర్వాత కిరాయి చట్టాలు రెండు చోట్లా ఒకే దారిన లేవు. కనుక ఏ గదికి ఏ చట్టం వర్తిస్తుందో ఒక మంచి వకీలును అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

అద్దె కదలనప్పుడు ఆ విలువ ఎక్కడికి పోయింది? పగిడీలోకి పోయింది. పాత కిరాయిదారు ఖాళీ చేస్తూ కొత్తవాడి దగ్గర పెద్ద మొత్తం పుచ్చుకుంటాడు. కమిటీకి పాత అద్దె రసీదే మిగులుతుంది. పగిడీ అంటే తలపాగా. మన తలపాగా ఎవరో అమ్ముకుంటుంటే మనం ఉత్త తలతో చూస్తూ నిలబడ్డామన్నమాట. అద్దె మీద అదనంగా ప్రీమియం పుచ్చుకోవడాన్ని 1960 చట్టమే నిషేధించింది. అయినా బజారులో ఆ వాడుక పోలేదు.

వక్ఫు చట్టాలు కూడా ఈ ప్రమాదాన్ని ఎరిగే వచ్చాయి. 1923 చట్టం ముతవల్లీలు జమాఖర్చులు దాఖలు చేయాలని చెప్పింది. 1954 చట్టంతో రాష్ట్రాలలో బోర్డులు వచ్చాయి. 1995 చట్టం మొదట మూడేళ్లు మించిన కౌలు చెల్లదన్నది. 2013 సవరణ ఆ గడువును కొన్ని షరతుల మీద ముప్ఫై ఏళ్ల వరకు పెంచింది. నికరాదాయం నుంచి బోర్డుకు కట్టే వాటా పరిమితి 7 శాతంగా వుండేది, 2025 సవరణలో అది 5 శాతం అయింది.

ఇన్ని చట్టాలున్నా ఫలితం ఏమిటి? 2006లో సచార్ కమిటీ లెక్క వేసింది. దేశంలో నమోదైన వక్ఫు ఆస్తులు సుమారు 4.9 లక్షలు. వాటి బజారు విలువ 1.2 లక్షల కోట్ల రూపాయలని అంచనా. ఏడాది రాబడి 163 కోట్లు మాత్రమే. సక్రమంగా వాడితే నూటికి పది చొప్పున 12,000 కోట్లు రావచ్చునని ఆ కమిటీ చెప్పింది. మన వెనక వరస మిత్రుడు అడిగే ప్రశ్నే సచార్ కమిటీ కూడా అడిగిందన్నమాట. ఇన్ని గదులుండి వచ్చేది ఇంతేనా?

ఎనిమిది గదుల లెక్క

ఇక లెక్కలోకి వద్దాం. ఇది ఏ మసీదు పుస్తకంలోనిదీ కాదు, అర్థం కావడానికి వేసుకున్న ఉదాహరణ మాత్రమే. ఎనిమిది గదుల వరస, గదికి 1,500 రూపాయల అద్దె అనుకుందాం. రావలసింది నెలకు 12,000. ఇద్దరు సరిగా కట్టరు, చేతికి వచ్చేది 9,000. నీళ్ల మోటారు, వరండా లైట్ల కరెంటు 2,000 సంస్థే కడుతున్నది. ఆస్తిపన్ను, చిల్లర మరమ్మత్తులు కలిపి సగటున 1,500. చివరికి మిగిలేది 5,500.

ఒక్క రూపాయి కూడా అద్దె పెంచకుండా ఏం చేయవచ్చో చూడండి. బాకీదారులిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడి, పాత బాకీని వాయిదాల్లో కట్టించి, నెల నెలా అద్దె తెప్పించుకుంటే 12,000 పూర్తిగా వస్తుంది. ప్రతి గదికీ విడి మీటరు పెట్టి, మోటారు ఖర్చు వాడకాన్ని బట్టి పంచితే సంస్థ వంతు 500కు తగ్గుతుంది. మేడ మీద విరిగిన బెంచీలు పడేసిన గదిని శుభ్రం చేసి 1,500కు యిస్తే మొత్తం అద్దె 13,500 అవుతుంది. కరెంటు 500, పన్ను మరమ్మత్తులు 1,500 పోగా 11,500. ఇందులో అద్దెకు నూటికి పది చొప్పున 1,350 మరమ్మత్తు నిధిగా వేరే ఖాతాలో వేసినా 10,150 మిగులుతుంది. 5,500 ఎక్కడ, 10,150 ఎక్కడ!

తర్వాత ఏటా నూటికి 5 చొప్పున అద్దె పెంచే షరతు ఒప్పందంలో పెడితే, పది పెంపుల తర్వాత 1,500 కాస్తా 2,443 అవుతుంది. కిరాయిదారుకు ఒక్కసారిగా భారం తెలియదు, సంస్థ వెనకబడదు.

ఇప్పుడు మన మిత్రుల ప్రతిపాదన. గదికి 2 లక్షలు ఒకేసారి తీసుకుని, అద్దె 500కు దించి, ముప్ఫై ఏళ్లు కదపకుండా వుంచామనుకోండి. ఏటా 5 శాతం పెరిగే 1,500 అద్దెతో పోల్చి చూస్తే, పన్నెండో ఏడు గడిచేలోగా మనం వదులుకున్న అద్దె ఆ 2 లక్షలను దాటిపోతుంది. ఆ డబ్బు అప్పటికే ఖర్చయిపోయి వుంటుంది. ఆపైన పద్దెనిమిదేళ్లు గది వాళ్లది, పైకప్పు మరమ్మత్తు మనది. కదలని అద్దె ఎట్లా కరుగుతుందో కూడా చూడండి. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే, నేటి 1,500 రూపాయలు ముప్ఫై ఏళ్ల తర్వాత నేటి 261 రూపాయల పని మాత్రమే చేస్తాయి. ఇస్తాంబులులో జరిగింది ఇదే.

ఇక్కడ ఇంకో మాట. గది యిచ్చేటప్పుడు తీసుకునే డిపాజిట్టు ఆదాయం కాదు, అమానతు. ఖాళీ చేసిన రోజున తిరిగి యివ్వవలసిన సొమ్ము. దానితో రంగులు వేయించి, ఆనక అవతలివాడు వెళ్తానంటే చందాలకు బయల్దేరిన కమిటీలు లేకపోలేదు. అందుకని దాన్ని బ్యాంకులో విడిగా వుంచాలి.

కిరాయిదారు కూడా మనవాడే

ఇదంతా చదివి మేము కిరాయిదారుల మీద కత్తి కట్టామని అనుకోవద్దు. ఆ గదుల్లో కూర్చున్నది దర్జీ, సైకిల్ పంక్చర్లు వేసే కుర్రవాడు, భర్త పోయి గాజుల కొట్టు పెట్టుకున్న ఆపా. వీరిని రోడ్డు మీద పడేసి సంపాదించే సొమ్ము మనకు అక్కరలేదు. సరి అద్దె అంటే అందరికన్నా ఎక్కువ అద్దె కాదు.

అయితే దయకు కూడా లెక్క వుండాలి. గాజుల కొట్టు ఆపాకు వెయ్యి రూపాయలు తగ్గించాలని సభ నిర్ణయిస్తే, పుస్తకంలో పూర్తి అద్దె 1,500 జమ రాయండి, వెయ్యి రూపాయలు సాయం కింద ఖర్చు రాయండి. అప్పుడు ఆ గది అద్దె ఎంతో అందరికీ గుర్తుంటుంది, ఆమెకు మనం చేస్తున్న సాయమూ కనబడుతుంది. ఏటా సభ దాన్ని మళ్లీ ఆమోదిస్తుంది. ఇట్లా రాయకపోతే నేటి దయే రేపటి హక్కు అవుతుంది. ఆమె తర్వాత ఆ గదిలోకి వచ్చిన కలవాడు కూడా ఆ 500 అద్దెకే కూర్చుంటాడు.

మనం పుచ్చుకునే అద్దెకు బదులు మన బాధ్యత కూడా వుంది. కారని కప్పు, పని చేసే తలుపు, వెలుగున్న వరండా, డబ్బు యివ్వగానే రసీదు. ఇవి సరిగా అందితే కిరాయిదారు కూడా సాధారణంగా అద్దె విషయంలో పేచీ పెట్టడు.

మా మనవి

కనుక సభ్యులు ఆలోచించవలసింది ఇది. కప్పు కారుతున్నమాట నిజమే. డబ్బు కావలసినమాటా నిజమే. దానికి ముందుగా బాకీలు వసూలు చేద్దాం, మీటర్లు విడగొడదాం, మేడ మీద గదికి తాళం తీద్దాం. అప్పటికీ చాలకపోతే మొహల్లాలో ఎవరి శక్తి కొద్దీ వారి దగ్గర తిరిగి యిచ్చే షరతు మీద కర్జె హసనా తీసుకుని కప్పు వేయించి, పెరిగిన అద్దెలోంచి తీర్చుకుందాం. ముప్ఫై ఏళ్ల అద్దెను ఒక్క వానాకాలానికి అమ్ముకోవద్దు.

ఆ గదులు కట్టినవారిలో కొందరి పేర్లు కూడా నేడు మనకు తెలియవు. ఎవరో ఇటుకలు యిచ్చారు, ఎవరో కూలి లేకుండా గోడ లేపారు. తర్వాత పుట్టబోయే పిల్లల కోసమని, అనగా మన కోసమని చేశారు. మన తర్వాత వచ్చేవారి వంతు కూడా అందులో వున్నది. వచ్చే సర్వసభ్య సమావేశంలో మల్గీల అద్దె అనే పద్దు వచ్చినప్పుడు, ఛాయ్ రాకముందే ఆ లెక్క తేల్చుకుందామని మా మనవి.